గది వేడిమిలో పద్దెనిమిది గంటలు

2019 జూన్ 13, గురువారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు ఒక మగ దీపపు పురుగు పొట్టను విడదీసి కాస్టిక్ పొటాష్ ద్రావణంలో వేశాను. అప్పుడు నేను ఒమన్‌లో, అల్ ఖౌద్ దగ్గరి ఒక పరిశోధనాలయంలో కీటక సేకరణల అధికారిని. కాంట్రాక్టు ముగియడానికి నలభై ఏడు రోజులు ఉన్నాయి.

దీపపు పురుగులు ఆకుల రసం పీల్చే చిన్న జీవులు. వెలుగు చూసి వాలతాయి కనుక మన రైతులు ఆ పేరు పెట్టారు. నా దగ్గరున్న మూడూ పెరూ అడవుల్లో పట్టినవి. అక్కడి మ్యూజియం వాళ్లు జాతి తేల్చమని అరువుగా పంపారు. ఒకటి మగది, రెండు ఆడవి. పొడవు ఆరు మిల్లీమీటర్లు. ఏ పుస్తకంలోనూ వీటికి పోలిక దొరకలేదు. కొత్త జాతి అని నా నమ్మకం.

పదిహేడు రోజులు వాటిని కొలుస్తూ గడిపాను. మైక్రోస్కోపు కింద రెక్క నీలం నీళ్లలా పరుచుకునేది, అంచున నారింజ చారలు. చూస్తూ ఉంటే కిటికీ అవతలి రాతి కొండలు మెల్లగా కరిగిపోయి, ఎక్కడో వెడల్పాటి ఆకుల మీద ఎడతెగని వాన పడుతున్నట్టు ఉండేది. నేను ఆ అడవికి ఎన్నడూ వెళ్లలేదు. ఆ రోజుల్లో ఎక్కువ సేపు ఉన్నది మాత్రం అక్కడే.

గదులు శుభ్రం చేసే రెడ్డెమ్మది కడప జిల్లా. ఒకసారి ఆమెనూ చూడమన్నాను.

"అబ్బో, పట్టుచీర కట్టినాదే!" అంది. "దీనికా మేడమ్ ఇన్నాళ్లు కండ్లు పొడుచుకుంటాండారు? మా చేన్లో దీపం పెడితే గంపకెత్తొచ్చు. మా యమ్మకు ఫోన్ చేసి పార్శిల్ ఎయ్యమందునా?"

ఇది వేరే రకమనీ, దీనికింకా పేరు లేదనీ చెప్పాను.

"బిన్నా పెట్టండి మేడమ్. పేరు లేకుంటే దానికి బతాకా ఎవురిస్తారు?" అంది. బిన్నా అంటే త్వరగా. బతాకా అంటే ఇక్కడి నివాస కార్డు.

ఈ గుంపులో రంగు చూసి జాతి తేల్చకూడదు. మగదాని పొట్ట చివర దాగి ఉండే జననాంగపు వంపే సాక్ష్యం. పొట్టను కాస్టిక్ పొటాష్‌లో నానబెడితే కండ కరిగి గట్టి భాగాలు మిగులుతాయి. మరిగిస్తే పది నిమిషాల పని. గది వేడిమిలో అయితే పద్దెనిమిది గంటలు. మగది ఒక్కటే కనుక నెమ్మదైన పద్ధతి ఎంచుకున్నాను. మా గది ఎప్పుడూ ఇరవై రెండు డిగ్రీలు.

శుక్రవారం సెలవు. ఉదయం ఎనిమిదికి తలుపు తీస్తే వేడి ముఖాన కొట్టింది. థర్మామీటరు ముప్పై తొమ్మిది చూపుతోంది. రెడ్డెమ్మ నేల తుడుస్తోంది. ఏసీ ఎవరు ఆపారని అడిగాను.

"నేనే మేడమ్. బేస్తవారం డ్యూటీ అయిపోతానే అన్నీ ఆపాలని ముదీర్ కాగితం ఇచ్చినాడు గదా. దాంట్లో మీ సంతకం గూడా ఉండాది."

ఉంది. ముదీర్, అంటే మా మేనేజరు, ఆ వారమే పంపిన కరెంటు పొదుపు ఉత్తర్వు అది. ఆరు సంతకాల్లో నాది రెండోది. సేకరణల గదికి మినహాయింపు అడిగి తీసుకున్నాను. నా పనిగదికి అడగాలని తోచలేదు.

గాజు పళ్లెంలో పొట్ట రంగంతా వదిలి పొగలా తేలుతోంది. నీళ్లలోకి మార్చేటప్పుడు పొరలు విడిపోయాయి. మూడు గంటలు చూశాను. జననాంగం మెత్తబడి, ఎటు తాకితే అటు ఒంగింది. దాని అసలు వంపేదో, నా సూది వల్ల వచ్చిందేదో చెప్పలేకపోయాను.

"ఇంకొక మగోడు లేడా మేడమ్?" అంది రెడ్డెమ్మ.

"లేడు."

"ముదీర్‌కు నా పేరు చెప్తారా?"

తప్పు నాదేననీ, అలాగే రాసిస్తాననీ చెప్పాను. ఆ సాయంత్రమే రాసిచ్చాను.

రెక్కల రంగుతోనే కొత్త జాతిగా ప్రకటించవచ్చని మా విభాగాధిపతి సలహా ఇచ్చారు. ఒప్పుకోలేదు. రంగు చూసి ఎవరో పెట్టిన పేర్లను కొట్టివేయడమే నా ఉద్యోగంలో సగం పని. జూన్ 20న మూడు పురుగులనూ తిప్పి పంపాను. మగదాన్ని గుచ్చి ఉంచిన సూదికి ఒక చీటీ తగిలించాను: "ఉదరం పాడైంది. బాధ్యత నాది."

మిగిలిన నలభై రోజుల్లో మా పద్ధతుల పుస్తకం మొత్తం తిరగేసి, 'గది వేడిమి' అని ఉన్న పదకొండు చోట్లా ఎన్ని డిగ్రీలో రాశాను. ఏ గదో చెప్పకుండా గది వేడిమి అని రాయకూడదు. నేను నేర్చుకున్నది అంతే.

పోయినవి: మగ పురుగు ఉదరం ఒకటి, పదిహేడు రోజుల పని, ఒక జాతి పేరు.