గుండు తెచ్చిన తంటా

గవర్నర్‌పేటలో ఫ్లెక్సీలు కట్టే జోజిబాబు, పామర్రులో తీసిన ఓ చవకబారు థ్రిల్లర్‌లో హంతకుడు. సినిమా అంతా ముసుగులోనే ఉండాలి. ఆఖరి సీన్లో మాత్రం ముసుగు తీసి ముఖం చూపించాలి. ఆ ఒక్క సీను కోసమే మిట్టమధ్యాహ్నపు ఎండలో రబ్బరు ముసుగు తగిలించుకుని, కత్తి పట్టుకుని పొలం గట్ల మీద పరుగులు పెట్టాడు.

వేషం దొరికితే తలనీలాలిస్తానని గుణదల మాతకు మొక్కుకున్నాడు. తిరనాళ్లకి షూటింగ్ ఆగింది కదా అని గుండు చేయించుకుని, ఆఖరి సీనుకి వెళ్లాడు.

"చంపేటప్పుడు వెనకాల జుట్టు కనపడిందిగా! ఇప్పుడీ గుండేంటయ్యా?" అని దర్శకుడు మండిపడ్డాడు.

శవాలు ఊపిరి పీల్చే సినిమా అది. అందులో ఆ మహానుభావుడి కంటికి ఆనిన తప్పు జోజిబాబు గుండొక్కటే! "జుట్టొచ్చాక నీది తీస్తాంలే, వెళ్లు" అన్నాడు. జోజిబాబు నమ్మాడు. నెలల తరబడి ఫోన్ కోసం ఎదురు చూస్తుండగా, కట్టమని ఆ సినిమా ఫ్లెక్సీయే వచ్చింది. తనే ఎక్కి కట్టాడు.

మొదటి ఆటకి భార్య అమలని తీసుకెళ్లాడు. ముసుగు కనిపించినప్పుడల్లా "అది నేనే" అని ఆమె చెవిలో చెప్పాడు. హాల్లో జనం నవ్వుతున్నా, ఈలలేస్తున్నా పట్టించుకోలేదు. ఆఖర్న ముసుగు తీశారు. దాని కింద నిర్మాత బావమరిది ఇకిలిస్తున్నాడు.

అమల తెరని చూసింది, మొగుణ్ణి చూసింది.

"మాతకి జుట్టే కదండీ మొక్కుకున్నారు? ముఖం వీళ్లకెందుకిచ్చారు?" అంది.