తన రాత కింద తన సంతకం

మా అమ్మ మా వైపు ఖాకీ వేసుకున్న మొదటి ఆడమనిషి. ఈ సంగతి ఊరంతా చూసి తెలుసుకుంది, నేను మాత్రం విని తెలుసుకున్నాను. ఎందుకంటే అమ్మ చీరలో స్టేషన్‌కు పోయి, అక్కడ వెనక గదిలో యూనిఫాం వేసుకుని, డ్యూటీ దిగాక మళ్ళీ చీరలోనే ఇంటికి వచ్చేది. ఎవరో పెట్టిన నియమం కాదు, తనే పెట్టుకుంది. ఇంట్లో ఆమె ముగ్గురు ఆడపడుచుల పెళ్ళిళ్ళు దగ్గరుండి చేసిన పెద్ద దిక్కు. పులుసులో చేప ముక్క ఎవరికి ఏది పడాలో ఆమే చెప్పాలి. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో తలెగరేసే నాన్న కూడా ఇంట్లో ఆమె మాట దాటేవాడు కాదు. నన్ను అందరూ పోలీసమ్మ కూతురంటుంటే, ఎవరి గురించి అంటున్నారో నాకు సగం అర్థమయ్యేది కాదు.

నేను డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పుడు, హాస్టల్లో నీళ్ళు రావడం లేదని ఆడపిల్లలంతా చిల్లకూరు దగ్గర హైవే మీద కూర్చున్నారు. మా ఇంట్లో బోరు నీళ్ళు శుభ్రంగా వచ్చేవి. అయినా స్నేహితురాళ్ళ కోసం నేనూ పోయి కూర్చున్నాను. లారీలు ఆగిపోయాయి. జీపు వచ్చింది. దిగిన ఇద్దరు ఆడపోలీసుల్లో ఒకరు అమ్మ. ఆ బట్టల్లో ఆమెను అంత దగ్గరగా చూడడం అదే మొదలు. నడక కూడా మా అమ్మ నడకలా లేదు. సూటిగా నా దగ్గరికే వచ్చి, అందరికంటే ముందు నన్నే మోచేయి పట్టుకుని లేపింది.

స్టేషన్‌లో రిజిస్టరు ముందు కూర్చుని, తలెత్తకుండా అడిగింది. "పేరేంది?"

చెప్పాను.

"తండ్రి పేరు?"

ఒళ్ళు మండిపోయింది. నాన్న పేరు చెప్పి, అడక్కపోయినా, "మా అమ్మ ఈ స్టేషన్‌లోనే పోలీసు" అని అందరికీ వినపడేట్టు అన్నాను. ఎస్సై తలెత్తి చూశాడు. అమ్మ పెన్ను ఆగలేదు. నేను అన్న మాట అన్నట్టే రాసేసింది.

పొద్దుగూకితే ఆడవాళ్ళను స్టేషన్‌లో ఉంచకూడదు. సొంతవాళ్ళెవరైనా వచ్చి, సంతకం పెట్టి తీసుకుపోవాలి. వార్డెన్ వచ్చి హాస్టల్ పిల్లలందరినీ తీసుకుపోయింది. నేను హాస్టల్ పిల్లను కాదు గదా, మిగిలిపోయాను. నాన్న నిమ్మకాయల లోడుతో చెన్నై పోయున్నాడు.

అమ్మ లేచి వెనక గదిలోకి పోయింది. కాసేపటికి నీలం చీర కట్టుకుని, వెనక వాకిలి గుండా బయటికి పోయి, చుట్టూ తిరిగి ముందు గుమ్మంలోంచి వచ్చింది. ఎస్సై ఎదుట చేతులు కట్టుకుని నిలబడింది.

"మా పాపను తీసకపోతాను సార్."

ఆయన నవ్వలేదు. రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు. తన రాత కింద తనే సంతకం పెట్టింది.

ఆ రాత్రి అన్నాలప్పుడు చేప తలకాయ నా కంచంలో వేసింది. మా ఇంట్లో అది నాన్నది. కోపమో, బుజ్జగింపో ఎంతకూ తేల్చుకోలేకపోయాను. ఆ ఏడు హెడ్ కానిస్టేబుల్ ప్రమోషన్ల జాబితాలో అమ్మ పేరు రాలేదు. నా నోటి దురుసు వల్లేనా? అడగడానికి భయం, అడక్కుండా ఉంటే కుమిలిపోవడం. ఇన్నేళ్ళూ అలాగే గడిపాను.

అమ్మ రిటైరై చాలా కాలమైంది. మొన్న పెరట్లో ఇద్దరం చేపలు కడుగుతుంటే అడిగేశాను.

"ఆ పొద్దు అందర్నీ వదిలి నన్నే ఎందుకమ్మా ముందు లేపినావు?"

"నిన్ను కూర్చోబెట్టి పక్క పిల్లను లేపితే, ఆ పిల్ల తల్లికి నేనేం చెప్పాల?"

"మరి ప్రమోషన్?"

అమ్మ పొలుసు గీకడం ఆపలేదు. "స్టేషన్ పరువు పోతాదని, రిజిస్టర్లో ఒక మాట కొట్టేయమన్నాడు పై ఆయన. కొట్టేస్తే నా పేరు పంపిస్తానన్నాడు."

"ఏ మాట?"

"తల్లి పోలీసు అని. నువ్వు అంతమందిలో చెప్పుకున్న మాట. నేనెట్టా కొట్టేస్తాను?"

కడుగుతున్న చేప తలకాయ నా చేతిలోనే ఉండిపోయింది.

"అది ఇటియ్యి" అంది అమ్మ. "ఇంకా కడగాల."