ఇరమ్మాయి

తవిటమ్మ పేరు వెనక కథ కొత్తవాళ్లకి చెబితేగానీ బోధపడదు. ఆమెకంటే ముందు పుట్టిన ఇద్దరు పురిట్లోనే పోయారు. మూడోదాన్నయినా యముడి కంట పడకుండా దాచాలని, పుట్టిన నాడే పొరుగింటామె చేతిలో పెట్టేసి, చేటెడు తవుడు పోసి తిరిగి కొనుక్కున్నారు. తవుడుకి కొన్న పిల్ల కాబట్టి తవిటమ్మ. అంత చవక సరుకుని ఎవరు మాత్రం ఎత్తుకుపోతారని పెద్దల లెక్క. ఆ లెక్క తప్పలేదు. శ్రీకూర్మం దాటి సముద్రం వైపు పోతే తగిలే పల్లెలో పుట్టి, అక్కడే వేట చేసుకునే దాలయ్యని కట్టుకుని, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరుగుతూ యాభైకి దగ్గరపడింది. మనిషికి తలనొప్పి కూడా వచ్చిన పాపాన పోలేదు.

ఉన్నదల్లా ఒక్క కోరిక. పోయిన కూతురి పేరు ఒక్కసారి ఎవరి నోటైనా వినాలి. ఇదేం కోరికని మీరు అనుకోవచ్చు. పిల్ల పోయి పంతొమ్మిదేళ్లయింది. అప్పటినుంచి పల్లెలో ఆ పేరు ఎత్తినవాళ్లు లేరు. దాలయ్య ఎప్పుడైనా కల్లు తాగితే పిల్లని ‘ఆ గుంట’ అంటాడు, మత్తు దిగితే అదీ అనడు. ఆడవాళ్లు బొత్తిగా అనరు. పుండు మీద కారం జల్లకూడదని వాళ్ల మంచితనం. కానీ తవిటమ్మకి మాత్రం, పిల్లని ఒకసారి ఇసకలో పాతిపెట్టినందుకు చాలక రోజూ అందరూ కలిసి మరోసారి పాతిపెడుతున్నట్టు ఉండేది. ఇంత మంచివాళ్లని పట్టుకుని ఏమని తిడుతుంది?

దీనికంతటికీ మూలం ఒక టీవీ సీరియల్. నవ్వకండి. తొంభైల మొదట్లో పల్లె మొత్తానికీ ఉన్నది ఒక్కటే టీవీ, అదీ పంచాయితీది. తుఫాను షెల్టర్ గోడకి ఇనుప గూడు బిగించి, అందులో పెట్టి తాళం వేసేవారు. శుక్రవారం పొద్దుగూకే వేళకి ‘ఉప్పుటేటి బంగళా’ వచ్చేది. జమీందారు కొడుకుని చేసుకుని పాడుబడ్డ బంగళాకి కాపురానికి వచ్చిన పిల్ల హిరణ్మయి. చీకటి పడితే మేడ మీద ఎవరూ లేని గదిలోంచి ఒక ఆడగొంతు ఆమెని పేరు పెట్టి పిలుస్తుంది. ఆమె పలుకుతుందా పలకదా అన్నదే కథ. దాన్నే రెండేళ్లు సాగదీశారు.

పొద్దుగూకాక ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకి పలకకూడదు. మూడోసారి కూడా పిలిస్తే మనిషి, లేకపోతే దెయ్యం. పల్లెలో ప్రతి పిల్లకీ ఉగ్గుపాలతో పట్టే సంగతి ఇది. జమీందారీ కోడలికి ఆ పాటి తెలివి లేదని ఆడవాళ్లకి ఒళ్లు మండేది. “ఒలే పలక్కే, పలక్కు” అని టీవీకి బుద్ధి చెప్పేవాళ్లు. అయిపోయాక ఒంటరిగా ఇళ్లకి పోవడానికి హడలి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని గుంపుగా పోయేవాళ్లు. అందరికంటే ముందు వరసలో కూర్చునేది తవిటమ్మ. ఆమె పక్కన తాతమ్మ. ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు, ఒకే ఏడు పెళ్లిళ్లు.

తవిటమ్మకి తొలిచూలు పుట్టగానే పోయింది. రెండో కానుపులో ఆడపిల్ల పుట్టి గట్టిగా ఏడిస్తే, తవిటమ్మ అత్త జగ్గమ్మ వెంటనే చేట తెప్పించింది.

“పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుందుము. పెంటమ్మని పేరెడితే నూరేళ్లు బతుకుతాది” అంది.

అత్త మాటకి ఎన్నడూ ఎదురు చెప్పని తవిటమ్మ ఆ రోజు పిల్లని ఒళ్లోంచి దించలేదు. “నాను తవుడయ్యాను, సాలదా అత్తా? నా గుంటకి హిరణ్మయి అని పెడతాను” అంది. ఆ పేరుకి బంగారుదని అర్థమని బడి పంతులు చెప్పగా వింది. టీవీలో ఆ గొంతు పిలిచిన ప్రతిసారీ పెదాలు కదిపి కదిపి, ఆ పేరుని తప్పు లేకుండా పలకడం నేర్చుకుంది. జగ్గమ్మ నుదురు కొట్టుకుంది. దెయ్యం పిలిచే పేరు ఎవరైనా పిల్లకి పెడతారా అని వారం రోజులు అన్నం మాని, ఎనిమిదో రోజున తినేసింది.

పల్లె నోట్లో ఆ పేరు నిలిస్తే కదా. ముందు ‘హి’ పోయింది. తరవాత ‘ణ్మ’ అరిగిపోయింది. చివరికి మిగిలింది ఇరమ్మాయి. తల్లి తప్ప అందరికీ ఇరమ్మాయే. తవిటమ్మ కొన్నాళ్లు సరిచేసింది, తరవాత విసిగి వదిలేసింది.

ఆ పిల్లవి ఎత్తుపళ్లు, రేవులో కేకలేసే మగాళ్లలాంటి బొంగురు గొంతు. పొద్దున్నే తాతమ్మ అట్లు పోస్తూ సీరియల్లో దెయ్యంలాగ గొంతు సాగదీసి “ఇరమ్మాయే…” అని పిలిచేది. మొదటి పిలుపు పూర్తికాకుండానే పిల్ల “ఓయ్” అని అరిచి ఇసకలో పరుగెత్తుకొచ్చేది. “ఒలే, మూడోపాలి పిలిసేదాకా ఆగాల” అని ఎంత చెప్పినా వినేది కాదు. “అట్టు సల్లారిపోదేటి?” అనేది. పల్లెలో ఎవరు పిలిచినా “ఓయ్” అనడమే దాని ఆట.

ఆరో ఏట జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. మూడో రోజు పొద్దుగూకే వేళ, ఎవరూ పిలవకుండానే, పిల్ల కళ్లు తెరిచి “ఓయ్” అంది. పొద్దుటికల్లా ఆటోలో శ్రీకాకుళం ఆసుపత్రికి బయలుదేరదీశారు. శ్రీకూర్మం దాటేసరికే ఒళ్లు చల్లబడిపోయింది.

“ఎవులు పిలిసినారో, పలికేసింది” అంది జగ్గమ్మ. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అది చాలు. మరుసటేడు మగపిల్లాడు పుడితే ఈసారి తవిటమ్మని అడగనేలేదు. పెంట మీద పడుకోబెట్టి తెచ్చి పెంటయ్యని పేరు పెట్టారు. వాడు గుండ్రాయిలా పెరిగాడు. బాబీ అని తనే వేరే పేరు తగిలించుకుని గుజరాత్ బోట్ల మీద పనికి పోయాడు. వాడు ఎదిగిన కొద్దీ పల్లెకి జగ్గమ్మ మాట రుజువైపోయింది. ఎవరూ నోటితో అనలేదు. అననక్కర్లేదు కూడా, ఆ పేరు మానేస్తే సరిపోయింది. అది నిజమేమోనని తవిటమ్మ కూడా గంప దించుకున్న చోటల్లా అనుకునేది. పెంటమ్మ అని ఉంటే ఈపాటికి పిల్లలతల్లి అయి ఉండేది కదా అని, చేపలు బేరమాడుతూనే కళ్లు తుడుచుకునేది.

రెండువేల పద్దెనిమిది అక్టోబరులో తిత్లీ తుఫాను వస్తోందని మధ్యాహ్నానికల్లా ఆడవాళ్లనీ పిల్లల్నీ షెల్టర్‌కి తోలేశారు. మగాళ్లు తెప్పలు మెరకకి లాగే పనిలో ఉన్నారు. పులిహోర పొట్లాలు పంచారు. తిని ఊరికే కూర్చోవడం ఆడవాళ్లకి చేతకాలేదు. గోడకి ఆ పాత ఇనుప గూడు ఇంకా ఉంది, తుప్పు పట్టి, ఖాళీగా. తాతమ్మ దాన్ని చూసి నవ్వింది.

“ఉప్పుటేటి బంగళా గేపకముందే? మేడమీద దీపం దానంతటదే ఎలిగేది.”

ఇంక చూడాలి. అరవయ్యేళ్ల వాళ్లు కూడా ఆడపిల్లలైపోయారు. తాళాలగుత్తి అత్తగారు గుర్తుంది ఒకరికి. నూతిలో మొహం కనిపించిన వారం ఎవరెవరు జడుసుకున్నారో గుర్తుంది ఇంకొకరికి. ఆ బంగళా పిల్ల నీలం చీర కట్టుకుని మెట్లెక్కడం ఎంత బాగుండేదో అని ఒకామె అంటే, “నలుపు తెలుపు టీవీలో నీలమని నీకెవులు సెప్పినారే?” అని తాతమ్మ వెక్కిరించింది. తవిటమ్మ కూడా నవ్వింది. కానీ చెవులన్నీ ఒక్క మాట కోసమే ఉన్నాయి. అందరూ ‘బంగళా పిల్ల’ అంటున్నారు. ఒక్కరు కూడా నోరు జారడం లేదు.

తాతమ్మ కోడలు అనూరాధ పూసపాటిరేగ వైపు నుంచి వచ్చి ఇంకా ఏడాది కాలేదు. ఆ పిల్లకి ఇవేవీ తెలియవు. “ఇంతకీ ఆ బంగళా పిల్ల పేరేటత్తా?” అని అడిగింది.

ఆడవాళ్లంతా చేతుల్లోని ఖాళీ పొట్లాలు మడతపెట్టడం మొదలెట్టారు.

“గేపకం నేదే” అంది తాతమ్మ తల దించుకుని. “ఎన్నేళ్లమాటో” అంది ఇంకొకామె. తాళాలగుత్తిలో తాళాలు ఎన్నో చెప్పగల వాళ్లంతా కథానాయిక పేరు మరిచిపోయారు.

ఈ కాలం పిల్లలు ఊరుకుంటారా? అనూరాధ ఫోన్ తీసి సీరియల్ పేరు కొట్టింది. సిగ్నల్ వస్తూ పోతూ ఉన్నా, ఎవరో పుణ్యాత్ములు దాచి పెట్టిన ముక్క ఒకటి దొరికింది. గీతలు పడిన బొమ్మ, మేడ మెట్లు, దీపం. ఆ వెంటనే ఆ గొంతు.

“హిరణ్మయీ…”

“ఆపేయే” అని తాతమ్మ ఫోన్ మీదకి చెయ్యి చాచింది.

“ఆపకు” అంది తవిటమ్మ. లేచి వచ్చి ఫోన్ దగ్గర కూర్చుంది. గొంతు మళ్లీ పిలిచింది. ఒక్క అక్షరం అరగకుండా, స్పష్టంగా, తను నేర్చుకున్నట్టే పిలిచింది. పంతొమ్మిదేళ్లుగా వినాలనుకున్న పేరు ఇదే. అయినా లోపల ఏదీ కదలలేదు. అక్కడ ఎవరో పెద్దింటి పిల్ల, మంచి చీర కట్టుకుని మెట్లెక్కుతోంది. దానికీ ఎత్తుపళ్లకీ ఏ సంబంధమూ లేదు. తవిటమ్మకి భయం వేసింది. పేరు కూడా మిగలలేదా అనుకుంది.

“ఇది కాదే” అంది.

“ఏటి కాదు పెద్దత్తా?” అంది అనూరాధ.

తవిటమ్మ తాతమ్మ వైపు తిరిగింది. “నా గుంటని ఎవులూ ఇలాగ పిలవనేదు. నువ్వెలాగ పిలిసేదానివో అలాగ పిలువే ఒక్కపాలి.”

తాతమ్మ తల తిప్పి చూసింది. కిటికీ బయట పొద్దుగూకుతోంది. “ఇంత మాపటేళ ఏటే తవిటీ” అని గొణిగింది. తరవాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. “ఆ దెయ్యం గొంతుతోటి పిలిసిందాన్ని నానే కదే. నాను పిలిస్తేనే కదా అది ఓయ్ అనడం నేర్సింది. ఇంకే నోటితోటి పిలవమంటావే.”

మంచితనం అనుకున్నదాని అడుగున ఉన్నది ఇదని తవిటమ్మకి అప్పుడు తెలిసింది. పక్కపక్క ఇళ్లలో ఉంటూ ఇద్దరూ ఇన్నేళ్లు ఎవరి నేరం వాళ్లే మోసుకున్నారు. ఆమె తాతమ్మ చెయ్యి పట్టుకుంది.

“అట్టు కోసమే వచ్చేదే అది. దెయ్యం కోసం కాదు. పిలువే.”

తాతమ్మ ముక్కు చీదుకుంది. గోడ మీది ఖాళీ గూడు వైపు చూస్తూ, గొంతు సాగదీసి పిలిచింది.

“ఇరమ్మాయే… బేగి రాయే, అట్టు సల్లారిపోతాది.”

తవిటమ్మ మూడో పిలుపుదాకా ఆగలేదు. రెండో పిలుపుదాకా కూడా ఆగలేదు.

“ఓయ్” అంది.

ఏడుపుకి గొంతు బొంగురుపోయి ఉంది. ఆ బొంగురుకి షెల్టర్‌లో పాతవాళ్లంతా ఒక్కసారి తలలెత్తారు. తాతమ్మ రెండు చేతులతో ఆమె మొహం తడిమి, మళ్లీ పిలిచింది. వెనక నుంచి ఇంకొకామె పిలిచింది. తరవాత ఒకరి తరవాత ఒకరు, సరిగ్గా పలకడం రాని ఆ నోళ్లన్నీ పిలిచాయి. ఎవరు పిలిచినా తవిటమ్మ మొదటి పిలుపుకే పలికింది.