బ్యాచ్ మొత్తానికీ ఒకే తాత

నేను హెడ్మాస్టరుగా రిటైరయ్యానన్న సంగతి మా మనవరాలి నోటి వెంట తెలిసింది నాకు. భోంచేసి వసారాలో మంచం మీద నడుం వాల్చాను. లోపలి గదిలో ఆ పిల్ల గోడకేసి చూస్తూ ఇంగ్లీషులో ఒక ముక్కా, తెలుగులో దాని అర్థమూ వల్లె వేస్తోంది. మా తాతయ్య రిటైరైన హెడ్మాస్టరు, తెల్లని పంచె కడతాడు, తెల్లారకముందే లేచి యోగా చేస్తాడు, నిజాయితీయే ఆయన ఊపిరి... అదీ దాని సారం.

మా పిల్లకి తాతలు ఇద్దరు. ఒకాయన పోయేదాకా పాలేరుతనం చేశాడు. రెండోవాణ్ణి నేను. ఐదో తరగతి మధ్యలో బడి మానేసినవాణ్ణి. పంచె కాదు, లుంగీ కడతాను. యోగా సంగతి మా ఆవిణ్ణి అడగాలి.

"ఎవరే ఆ హెడ్మాస్టరు?" అన్నాను మంచం మీంచే.

"నువ్వే తాతయ్యా. పడుకో, డిస్టర్బ్ చెయ్యకు."

"నేనెప్పుడు వెలగబెట్టానే హెడ్మాస్టరీ?"

"కోచింగులో ఇచ్చారు. ఇంట్లో పెద్దవాళ్ళ గురించి అడిగితే ఇదే చెప్పాలంట. బ్యాచ్ మొత్తానికీ ఇదే తాత."

మా మనవరాలు నర్సు. విదేశంలో ఒక ఆస్పత్రివాళ్ళు వీడియోలో కూర్చోబెట్టి ఇంగ్లీషులోనే ప్రశ్నలడిగారు. ఇంగ్లీషులోనే జవాబులు విన్నారు. బాగుందమ్మా, ఉద్యోగం నీదే అన్నారు. అంతా అయ్యాక, మరి నీకు ఇంగ్లీషు వచ్చని రుజువేంటి, పరీక్ష పాసై చూపించు అన్నారు. ఎల్‌కేజీ నుంచి నర్సింగు దాకా ఇంగ్లీషు మీడియమే చదివిన పిల్ల అది. ఆ బడులవాళ్ళు మా అబ్బాయి పత్తి డబ్బంతా ఊడ్చుకుపోయింది దేనికి మరి? అన్నేళ్ళు వాళ్ళు నేర్పింది ఇంగ్లీషేనో కాదో తేల్చడానికి ఇప్పుడు ఇంకో పరీక్ష, ఆ పరీక్షకి ఇంకో కోచింగు!

పరీక్షలో నాలుగు ముక్కలుంటాయట. వినడం, చదవడం, రాయడం, మాట్లాడటం. మొదటిసారి మూడు బాగానే వచ్చాయి. మార్కుని బ్యాండు అంటారట. మాట్లాడ్డంలో ఏడు బ్యాండు రావాలి, అర తగ్గింది. ఆస్పత్రివాళ్ళు దయతలిచి ఇంకొక్కసారి రాయమన్నారు. ఈసారి తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి. మా ఇంట్లో అన్నం దిగనిది ఆ అర దగ్గరే.

ఆ అర ఎందుకు తగ్గిందో కూడా చెప్పాలి. మీరు వెళ్ళిన ఒక యాత్ర గురించి చెప్పమని అడిగారట. కోచింగువాళ్ళు బట్టీ పట్టించిన మంచుకొండల యాత్ర గడగడా అప్పజెప్పింది. పరీక్ష పెట్టేవాడు అంతా విని, అక్కడ మీరు ఏం తిన్నారు అన్నాడట. బెజవాడ దాటి ఎరగని పిల్ల. మంచుకొండల మీద ఏం దొరుకుతుందో దానికేం తెలుసు? పులిహోర అందట. వాడు నవ్వలేదట కూడా.

అలాంటి కోచింగుకే మళ్ళీ కట్టారు. బస్టాండు దగ్గర చెప్పుల షాపు మీద ఉంటుందది. ఒకరోజు నేనే మెట్లెక్కి వెళ్ళాను. ఆ సారు మంచి మర్యాదస్తుడు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"పిల్లలకి అబద్ధాలు ఎందుకు నేర్పుతున్నారండీ?" అన్నాను.

"అబద్ధాలు కాదు తాతగారూ, టెంప్లేట్లండి. ప్రశ్న ఏదొచ్చినా మన దగ్గర తయారుగా ఉంటుంది. తాత, యాత్ర, పండగ, నచ్చిన వంటకం, అన్నీ."

"మీరు రాశారా ఈ పరీక్ష?"

"నాకు టైమెక్కడిదండీ! పొద్దున్నుంచి బ్యాచ్‌లేగా."

నాకూ ఇంగ్లీషు వచ్చు. వచ్చంటే అదో రకం. బడి మానేశాక తిరువూరులో ఎరువుల, పురుగుమందుల కొట్లో పనికి చేరాను. మందు సీసాతో పాటు మడతలు పెట్టిన కాగితం ఒకటి వస్తుంది. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు, చీమతలకాయంత అక్షరాలు. బేరాలు లేనప్పుడు ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని మాటకి మాట పోల్చుకుంటూ నేర్చుకున్నాను. అందుకని నా ఇంగ్లీషంతా హెచ్చరికలే. పిల్లలకు అందకుండా ఉంచుము, పీల్చరాదు, వాడిన పిమ్మట డబ్బాను ధ్వంసం చేయుము. ఎవరినైనా గదమాయించమంటే ఇంగ్లీషులో గదమాయించగలను. బాగున్నారా అని అడగమంటే మాత్రం నోరు పెగలదు. ఏ సీసా మీదా ఆ మాట లేదు మరి.

ఆ రోజుల్లో నాకు పెట్టిన పరీక్షా గుర్తుంది. చేరి ఏడాదయ్యాక కొట్టు యజమాని ఒక డబ్బా నా చేతికిచ్చి, ఇది దేనికి కొట్టాలో చెప్పరా అన్నాడు. శనగపచ్చ పురుక్కండీ అన్నాను. అయితే రేపట్నుంచి గల్లా పక్కన కూర్చో అన్నాడు. అయిపోయింది. బుకింగు లేదు, బ్యాండూ లేదు.

ఇప్పటి బుకింగు మాత్రం మామూలు తద్దినం కాదు. నెట్ సెంటరులో నేనూ, మనవరాలూ, పాస్‌పోర్టూ. బెజవాడలో పరీక్ష. రాతపరీక్ష ఒక రోజు, మాట్లాడే పరీక్ష ఇంకో రోజు. దానికి ఒక్క శుక్రవారమూ ఒక్క ఆదివారమూ మిగిలాయి. శుక్రవారం నొక్కాం. డబ్బు కట్టాలంటే మా అబ్బాయి కార్డు, దాని ఓటీపీ పోయేది వాడి ఫోనుకి. వాడేమో పెనుగొలనులో కౌలు పత్తిచేలో ఉన్నాడు. ఫోను చేశాను.

"ఒరే, నీ ఫోనుకి ఒక నంబరొచ్చింది చూడు. గబగబా చెప్పు."

"ఎవరికీ చెప్పొద్దన్నారు నాన్నా, బ్యాంకులో."

"ఎవరో ఏంట్రా! నేను మీ నాన్నని!"

"వాళ్ళూ అలాగే అంటారంట, ఫోన్ చేసి. నాన్న గొంతు కూడా పెడుతున్నారంట ఇప్పుడు."

"నీ చిన్నప్పుడు గంపలగూడెం వాగులో పడితే జుట్టు పట్టుకుని లాగిందెవర్రా?"

"అది ఊళ్ళో అందరికీ తెలుసుగా."

మనవరాలు ఫోను లాక్కుని, "నాన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా" అని ఏడుపు గొంతు పెడితే గాని వాడు కరగలేదు. వాడు ఒక్కొక్క అంకే అనుమానంగా రాల్చేలోపు టైమైపోయింది. మళ్ళీ తెరిచి చూస్తే శుక్రవారం ఎవడో ఎగరేసుకుపోయాడు. ఆదివారం పొద్దున్న మిగిలింది. అదే నొక్కాం.

మా ఆవిడకి ఈ సంగతి చెబితే ఇల్లు పీకి పందిరేసింది.

"ఆదివారం పొద్దున్నా? ఆరాధన మాని పరీక్షా?"

"నీ కొడుకు చేసిన నిర్వాకమే ఇది" అన్నాను.

"నువ్వు ఫోన్లో అరవకుండా మామూలుగా అడిగుంటే చెప్పేవాడు. అరిచేసరికి ఎవరో దొంగనుకున్నాడు."

మా చర్చిలో ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలుంటాయి. ఎవరైనా లేచి, ఆ వారం తమకి జరిగింది చెప్పాలి. మా మనవరాలు గౌను తొడుక్కునే వయసు నుంచీ లేచి నిలబడుతోంది. అందరికీ ప్రైజ్ ద లార్డ్ అని మొదలెట్టి, ఇదే నా చిన్న సాక్ష్యం అని ముగించాలి. మధ్యలో ఎంతసేపైనా తడుముకోదు. ఎవరైనా రాసుకొచ్చి చదివినట్టు చెబితే చాపల మీద కూర్చున్న ముసలమ్మలు ఊరుకోరు. "చదివింది చెప్పకమ్మా, జరిగింది చెప్పు" అని అక్కడే అడ్డు తగులుతారు. వాళ్ళలో ముందు వరుస మా ఆవిడదే.

పరీక్షకి ముందు రోజు కూడా ఆ పిల్ల హెడ్మాస్టరునే వల్లె వేస్తోంది.

"ఆ దొంగ తాతని వదిలెయ్యవే. మన ఇంట్లో సంగతేదైనా చెప్పుకోరాదూ?" అన్నాను.

"మన ఇంట్లో ఏముంది తాతయ్యా చెప్పడానికి, నీ కోపం తప్ప?" అంది.

తెల్లవారుజాము బస్సుకి ఇద్దరం వెళ్ళాం. లోపలికి నన్ను రానివ్వరు కదా, ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చున్నాను. లోపలికి వెళ్ళేవాళ్ళందరి పెదాలూ కదులుతున్నాయి. ఎంతమంది హెడ్మాస్టర్లు వెళుతున్నారో పాపం అనుకున్నాను. కాసేపటికి మా పిల్ల కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"పోయింది తాతయ్యా. అంతా పోయింది."

"ఏమైందే?"

"ప్రైజ్ ద లార్డ్ అనేశాను."

"ఎవర్ని?"

"ఎగ్జామినర్నే! ఇంట్లో పెద్దవాళ్ళ గురించి చెప్పమని కార్డిచ్చి, ఇక మొదలెట్టమంది ఆవిడ. ఆదివారం పొద్దున... లేచి నిలబడి మరీ అన్నాను తాతయ్యా."

"నిలబడ్డావా!"

"కూర్చోమంది. కూర్చునేసరికి నీ హెడ్మాస్టరు మొత్తం ఎగిరిపోయాడు. ఒక్క ముక్క గుర్తు లేదు. ఆవిడ చూస్తోంది, టైము పోతోంది. నాయనమ్మ మాట చెవిలో వినపడింది, జరిగింది చెప్పమని. దాంతో..." అని ఆగి నా వంక చూసింది.

"దాంతో?"

"మా తాతయ్య మహా కోపిష్టి అని మొదలెట్టాను."

ఇక ఆగలేదట. సీసాల కాగితాలు చదివి ఇంగ్లీషు నేర్చుకున్న సంగతి, టికెట్టుకి చిల్లర ఇవ్వని కండక్టరుని పీల్చరాదు అని ఇంగ్లీషులో తిట్టిన సంగతి, నెట్ సెంటరులో ఓటీపీ కోసం ఊరు దద్దరిల్లేలా అరిచిన సంగతి, అన్నీ. ఆవిడ ఆపమన్నా ఇంకో రెండు ముక్కలు చెప్పి, ఇదే నా చిన్న సాక్ష్యం అని ఇంగ్లీషులోనే ముగించిందట.

"మరి ఆవిడేమంది?"

"మీ తాతగారు ఇప్పుడెక్కడున్నారని అడిగింది. బయట టీకొట్లో ఎవరితోనో పోట్లాడుతుంటాడని చెప్పాను."

నిజానికి అప్పుడు నేను ఎవరితోనూ పోట్లాడటం లేదు. టీలో నీళ్ళెక్కువయ్యాయని చెప్పానంతే.

ఫలితాలొచ్చేదాకా ఇంట్లో ఎవరూ పరీక్ష మాట ఎత్తలేదు. మా ఆవిడ ఉపవాసాలు చేసింది. మా అబ్బాయి చేలో ఉన్నా ఫోను చేతిలోనే పట్టుకుని తిరిగాడు, ఎవరు ఏ నంబరడిగినా చెబుదామని. ఫలితమొచ్చిన రోజు పిల్ల ఫోనులో చూసి, తిప్పి నాకు చూపించింది. మాట్లాడ్డంలో ఏడున్నర. ఆస్పత్రివాళ్ళు సాయంత్రానికే ఉద్యోగం ఖాయమని రాశారు. మా ఆవిడ నా వంక చూసి, "నీ కోపం ఒక్కసారైనా ఎవరికో పనికొచ్చింది" అంది. ఇన్నేళ్ళ కాపురంలో నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

మర్నాడే కోచింగు సారు స్వీట్ల డబ్బాతో ఇంటికొచ్చాడు. "అసలేం చెప్పావమ్మా?" అని గారాబంగా అడిగాడు. పిల్ల వెర్రిది, ఆనందంలో ఉంది, మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పింది. ఆయన ఫోను ముందు పెట్టి అంతా రికార్డు చేసుకున్నాడు. వారం తిరక్కుండా బస్టాండులో ఫ్లెక్సీ లేచింది, మా పిల్ల ఫోటోతో, మా శిక్షణకు నిదర్శనం అని. ఏది వాళ్ళ శిక్షణ? హెడ్మాస్టరా?

మొన్న చెప్పు తెగి కోచింగు కింద చెప్పుల షాపు దగ్గరికి వెళ్ళాను. కుట్టేదాకా స్టూలు మీద కూర్చున్నాను. పైనుంచి గది గదంతా ఒక్క గొంతై వినపడింది.

"మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ ఎ వెరీ యాంగ్రీ మేన్!"

తెగిన చెప్పు కుట్టేవాడి చేతిలోనే వదిలేసి, ఒంటి చెప్పుతో మెట్లెక్కాను. బల్లల నిండా పిల్లలు. సారు నన్ను చూడగానే వెలిగిపోయాడు.

"స్టూడెంట్స్! ఒరిజినల్! ఈయనే! రండి తాతగారూ, మీకు నూరేళ్ళు. ఒక్కసారి కోప్పడండి, పిల్లలకి ఫీల్ వస్తుంది."

ఆయన్ని వదిలేసి ముందు బల్ల మీదున్న కుర్రాణ్ణి అడిగాను. "ఏ ఊరు బాబూ మనది?"

"నెమలండి."

"మీ తాతగారేం చేస్తారు?"

"గుడి దగ్గర కొబ్బరికాయల కొట్టండి."

"కోపిష్టా?"

"అబ్బే, చాలా మెతకండి. బేరమాడితే ఆయనే ఇంకా తగ్గించేస్తాడు. నాయనమ్మ రోజూ తిడుతుంది."

బల్లలన్నీ నవ్వాయి. ఇంత ముచ్చటైన తాతని ఇంట్లో పెట్టుకుని నన్ను వల్లె వేస్తున్నాడు వీడు.

"మరి ఆ తాత గురించే చెప్పొచ్చుగా?" అన్నాను.

కుర్రాడు సారు మొహం చూశాడు. సారు నా భుజం మీద చెయ్యి వేశాడు. "అది రిస్కండి తాతగారూ. ఏడున్నర వచ్చి ప్రూవ్ అయిన తాత మీరే."

అరవకూడదని మెట్ల మీదే అనుకున్నాను. అరిస్తే వాళ్ళ పాఠం నిజమవుతుంది. కాని నా వల్ల కాలేదు. సీసాల మీద నేర్చుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"కీప్ అవుట్ ఆఫ్ రీచ్ ఆఫ్ చిల్డ్రన్! డూ నాట్ ఇన్హేల్! డిస్ట్రాయ్ ఆఫ్టర్ యూజ్!"

గది నిశ్శబ్దమైపోయింది. సిగ్గు తెచ్చుకున్నారనుకున్నాను. తీరా చూస్తే అందరూ తలలు వంచి రాసుకుంటున్నారు.