ఓట్లయ్యాక పోలమ్మ వదిన పల్లెకి

"ఆళ్ళ గొడవ నీకెందుకమ్మా? ఓట్లయిపోనాయి. ఆళ్ళూ ఆళ్ళూ తేల్సుకుంతారు."

"నీ సెల్లెల్ని ఇచ్చింది ఆ ఇంటికేరా. నాకు కాపోతే ఎవలికి?"

"సరే, ఎల్లు. కారు బుక్ సేత్తాను, సుకంగా కూకుని ఎల్లు."

"ఆడోళ్ళకి బస్సు ఉత్తినే ఇత్తంటే కారేటిరా? డబ్బులు సెట్టుకి కాత్తన్నాయేటి?"

పెందుర్తిలో మా అబ్బాయి రమణకీ నాకూ ఈ వాదన అరగంట నడిచింది. ఒంటిగంటన్నరకి సంచీ, ఆధార్ కార్డు తీసుకుని నేను గుమ్మం దిగాను.

నేను వెళ్ళేది స్టీల్‌ప్లాంటు గోడకి అవతల, సముద్రం ఒడ్డునున్న పల్లెకి. మా అమ్మాయి లక్ష్మి అత్తగారు పోలమ్మ వదిన అక్కడే ఉంటుంది. అక్కడ తెప్పల సంఘానికి పెద్ద ఎవరో ఎప్పుడూ నలుగురు మగవాళ్ళు కూర్చుని చెప్పేసేవారు. మూడు తరాలుగా ఆ పెద్దరికం ఎల్లాజీ గారి ఇంట్లోనే ఉంది. ఈ ఏడు సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్న రెండు నెలల్లో మొట్టమొదటిసారి చీటీలు పెట్టి ఓట్లు వేశారు. ఆడవాళ్ళు కూడా వేశారు. పోలమ్మ వదిన గెలిచింది. ఆ రోజు నుంచీ ఎల్లాజీ గారి వాళ్ళకీ వీళ్ళకీ మాటల్లేవు.

మాటలు లేకపోతే పోనీ. రేపు తెల్లారితే నిషేధం అయిపోయి అందరూ వేటకి వెళ్తారు. ఫైబరు తెప్పని ఇసక మీంచి నీళ్ళలోకి దింపాలంటే ఇరవై మంది భుజం పెట్టాలి. ఒక తెప్పకుండేది అయిదుగురు. ట్రాక్టరు ఆ మెత్తటి ఇసకలో దిగబడిపోతుంది. ఒకరి తెప్పకి ఇంకొకరు వెళ్ళాల్సిందే. "మా తెప్పకి ఎవలూ రారేమోనమ్మా" అని లక్ష్మి ఫోనులో ఏడ్చింది. రెండు నెలలు కూలికి వెళ్ళి నెట్టుకొచ్చిన ఇల్లు అది.

బస్సు రెండింటికి వచ్చింది. ఎన్.ఏ.డి. కూడలి దగ్గర ఖాళీ చేపల తట్టతో ఒకావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది. ఎందాకా అని అడిగితే సంగతి చెప్పాను.

"ఆడమనిసి పెసిడెంటా! మా పల్లెలో ఈ మాటంటే మా మావ బువ్వ ముట్టడు" అని నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది. దిగేటప్పుడు మాత్రం నవ్వలేదు. "ఆవిడికి నా దండాలు సెప్పు అప్పా. మా ఆడోళ్ళకి నాను సెప్తాను."

మూడుంబావుకి గాజువాకలో దిగాను. అక్కడ మీరు ఏమీ కొనుక్కోవద్దు, అన్నీ రెట్టింపు ధరలే. నేను ఇంటి నుంచి తెచ్చుకున్న దిబ్బరొట్టె నీడలో నిలబడి తిన్నాను. ఇంకో బస్సులో కూర్మన్నపాలెం, అక్కడి నుంచి షేరాటో. ముప్ఫై రూపాయలన్నాడు, ఇరవై ఇచ్చాను. ఆరు దాటితే ఆటోలు దొరకవు, గుర్తుంచుకోండి.

అయిదింటికి పల్లెలో ఉన్నాను. పోలమ్మ వదిన అరుగు మీద వల బాగుచేస్తోంది. మనిషి చిక్కింది.

"ఏటి వదినా, పెసిడెంటయ్యాక కళ్ళు నెత్తికెక్కుతాయనుకున్నాను, లోపలికి పోనాయేటి?" అన్నాను.

"నువ్వూ ఎక్కిరించు. సంగం పెద్ద ఎవలో ఆళ్ళ తెప్ప ముందు దిగాలి, అది ఆనవాయితీ. నాదే ముందు దింపాలి. ఎల్లాజీ మావ మనుసులు బుజం పెట్టరంతన్నారు."

"అయితే ఆళ్ళది ముందు దింపు. నీది ఆకర్న దింపుకో."

"గెలిసింది నానా, ఆళ్ళా?"

"పెళ్ళింట్లో ఒడ్డించే పెద్దమనిసి ముందు తింతాదేటి వదినా?"

"నువ్వయితే తింతావు" అంది. లక్ష్మి కిసుక్కుమంది. వదిన వల పక్కన పెట్టింది. "తెప్పలెల్లిపోతే మనుసులూ ఎల్లిపోతారు కదా. ఆకర్న నా తెప్పకి ఒడ్డునెవలు మిగుల్తారు? ఆడోళ్ళం తెప్ప ముట్టకూడదాయె."

బస్సులో ఆవిడ పంపిన దండాలు చెప్పాను. ఎండురొయ్యలూ వంకాయా కూరతో అన్నం తిని, వాళ్ళ వరండాలో పడుకున్నాను.

తెల్లవారుజామున అయిదింటికి అందరం ఒడ్డుకి వెళ్ళాం. పధ్నాలుగు తెప్పలు, అన్నింటికీ పసుపు రాసి ఉంది. ఎల్లాజీ గారికి డెబ్భై ఉంటాయి, వేటకి వెళ్ళరు. తన తెప్ప అంచు మీద మాకు వీపు పెట్టి కూర్చున్నారు. వదిన నాతో ఏమీ చెప్పకుండానే తిన్నగా ఆయన దగ్గరికి నడిచింది.

"మావా, ముందు నీ తెప్ప దింపుదాం. లెగు."

ఆయన లేచారు. మా అల్లుడు సింహాచలం, అతని మనుషులూ వెళ్ళి భుజం పెట్టారు. ఎల్లాజీ గారి కొడుకులు తెప్పతో వెళ్ళిపోయారు. తరవాత రెండోది, మూడోది. ఒడ్డున మనుషులు తగ్గిపోతూ వచ్చారు. పధ్నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి మిగిలింది మా అయిదుగురూ, ఎల్లాజీ గారూ, ఆయనలాగే వేటకి వెళ్ళని ముసలివాళ్ళు తొమ్మిది మందీ. ఆ తొమ్మిది మందీ దూరంగా నిలబడి ఎల్లాజీ గారి మొహం చూస్తున్నారు.

ఆయన తలపాగా బిగించుకుని వచ్చి తెప్ప వెనక భుజం ఆనించారు. మిగిలినవాళ్ళూ వచ్చారు. తోశారు. కదలలేదు. మళ్ళీ తోశారు. జానెడు కదిలి ఆగింది.

ఎల్లాజీ గారు తల తిప్పారు. "సూత్తావేటే పోలమ్మా? పెసిడెంటువి కాదేటి? రా, పట్టు."

వదిన కొంగు దోపుకుని వెళ్ళింది. ఆవిడ వెనక లక్ష్మి, దాని వెనక నేను, ఇంకా ఒడ్డునున్న ఆడవాళ్ళందరూ. తెప్ప నీళ్ళలోకి జారింది. మా అల్లుడు ఇంజను వేశాడు.

ఏడింటికి నేను షేరాటో ఎక్కాను. చీరంతా తడిసి, మోకాళ్ళ దాకా ఇసక అంటుకుని ఉంది.