బూట్లెక్కిన బర్రె

హైటెక్ సిటీకి మొట్టమొదట రంగేసింది నేనే. ఈ మాట అనగానే పొద్దున నాతో నడకకొచ్చే ముసలాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. సరే, సిటీ మొత్తానికి కాదు. అక్కడ కడుతున్న ఒక ఆఫీసు ప్రహరీకి. ప్రహరీ అంతా కూడా కాదు, రోడ్డువైపు గోడకి. పోనీ అదైనా రంగా అంటే, సున్నం. ఇంతకన్నా కిందికి దిగను. ఇక్కడి నుంచి చెప్పేదంతా దాదాపు నిజం.

తొంభైల చివరి రోజులవి. మాదాపూర్ నుంచి రాయదుర్గం దాకా ఎటు చూసినా బండరాళ్లు పేలుతుండేవి, వాటి జాగాలో గోడలు లేస్తుండేవి. గోడ లేచిందంటే మాకు పండగ. మేం గోడరాతల వాళ్లం. మేం అంటే నేనూ, మా బావా. బావంటే చుట్టం కాదు. ఆయనది గోదావరి పక్క. నిన్న పరిచయమైనవాణ్ణి కూడా "బావగారూ" అని పిలవడం వాళ్ల అలవాటు. నాది గోపన్‌పల్లి. మొదటిరోజే ఆయన నన్ను బావగారూ అన్నాడు, నేను బావా అన్నాను, అదే ఖాయమైపోయింది. మా ఇంటావిడ మాత్రం చాన్నాళ్లు నిలదీసింది. "నీకు చెల్లెలే లేకపాయె. ఈ బావ యాడికెల్లి వచ్చిండు?"

పనిలో ఆయనది గీత, నాది పూత. ఆయన నీలిరంగు సుద్దముక్కతో అక్షరాల అంచులు గీసుకుంటూ ముందు నడిచేవాడు. నేను బకెట్టు, కుంచె పట్టుకుని లోపల రంగు నింపుకుంటూ వెనక నడిచేవాణ్ణి. ఇద్దరమూ గీసేవాళ్లమని చాలామందికి చెప్పాను. వాళ్లలో ఎవరైనా ఇది చదువుతుంటే దిద్దుకోండి, నాకు గీత రాదు. ఒకసారి గుర్రాన్ని గీస్తే మా పిల్లలు కుర్చీ అనుకుని, దాని పక్కన బల్ల కూడా గీశారు.

మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. మంచి గోడ కంటబడితే ముందు దానికి సున్నం కొట్టి, ఓ మూలన ఫలానావాళ్లకు రిజర్వు అని రాసి పోతాం. ఆ మాట ఉన్న గోడని ఇంకొకడు ముట్టడు. పార్టీలైనా, సబ్బులైనా, ట్యూషన్లైనా ఇదే పద్ధతి. అట్లా ఓ పంపుసెట్ల కంపెనీ కోసం పొడుగాటి గోడనొకదాన్ని పట్టి సున్నం కొట్టాం. తీరా కంపెనీవాళ్లు వద్దన్నారు. గోడ తెల్లగా మెరుస్తోంది, రాయడానికి ఏమీ లేదు.

ఆ గోడ కట్టకముందు అటునుంచే బర్రెలు మేతకు పోయేవి. గోడ లేచాక కూడా దారి మరిచిపోక, వచ్చి గోడని చూస్తూ నిలబడేవి. ఆ మధ్యాహ్నం మాకు పాలు పోసే అక్క బర్రె అట్లాగే నిలబడి నెమరేస్తోంది. పక్కన గేటు దగ్గర మెడలో కార్డులు వేసుకున్న పిల్లలు లోపలికి పోతున్నారు. వాచ్‌మన్ వాళ్లను పోనిచ్చి, బర్రెను అదిలిస్తున్నాడు. బావ కాసేపు చూశాడు. చూసి, సుద్దముక్క తీసి బర్రెను ఉన్నదున్నట్టు గోడమీదికి దించాడు. తర్వాత మెడలో పలుపు చెరిపేసి, ఆఫీసు కార్డు వేలాడదీశాడు. నేను నలుపు నింపాను.

ఇక చూడండి! గోడ ముందు ట్రాఫిక్ ఆగిపోయింది. ఓ తెల్లదొర కారు దిగి ఫొటో తీసుకున్నాడు. అంటే, ఆయన దిగింది దారి అడగడానికి. ఫొటో తీసింది డ్రైవరు, తీసింది కొత్త కారుకి, వెనక బర్రె పడింది. కానీ ఆఫీసు పిల్లలు మాత్రం నిజంగానే నవ్వుకుంటూ ఆగేవాళ్లు. దాంతో మాకు హుషారొచ్చి, పనిలేని రోజుల్లో కొత్తగూడలో ఒక గోడమీద, కోకాపేట దారిలో ఒక బండమీద, ఎక్కడ బర్రెల దారి మూసుకుపోతే అక్కడ బర్రె వేశాం. ఎవరూ వేయమన్లేదు, ఎవరూ వద్దన్లేదు.

అట్లా ఉండగా ఒకరోజు గోడరాతల వాళ్లమందరం కూర్చునే చాయ్ హోటలుకి ఓ కుర్రాడు వచ్చాడు. బూట్ల కంపెనీ మేనేజరు. మాదాపూర్ రోడ్డుమీద కొత్త కాంప్లెక్సులో షోరూము తెరుస్తున్నారట.

"అంకుల్, మీ బఫెలో సూపర్. అందులో స్ట్రీట్ ఫీల్ ఉంది. మా కాన్వాస్ షూస్ మీద అదే కావాలి. ఓపెనింగ్ రోజుకి కొన్ని జతలు మీరే చేత్తో వేసివ్వండి. ఆ తర్వాత మెషిన్ ప్రింటింగ్. బాక్స్ మీద మీ ఇద్దరి పేర్లూ వేస్తాం."

పేర్లు! నా గుండె జారి చాయ్‌లో పడింది. ఇన్నేళ్లుగా ఊరి గోడలన్నీ మావే, ఒక్కదాని మీదా మా పేరు లేదు. నేను సరేనని తలూపుతూనే ఉన్నాను. బావ మాత్రం మెల్లగా అడిగాడు.

"మరి గోడలమీద మేం వేసుకునేదో అండి?"

"అది ఇంక కుదరదు సార్. సైన్ చేశాక బఫెలో కంపెనీది అవుతుంది కదా."

కుర్రాడు వెళ్లాడో లేదో హోటల్లో పంచాయితీ మొదలైంది. సగంమంది, మీ కిస్మత్ తెరుచుకుందిరా అన్నారు. మిగతా సగం, బూటుకి అమ్ముడుపోతున్నారన్నారు. ఎన్నడూ నోరెత్తని బావ రెండో సగంలో చేరాడు.

"ఏంది బావా, కొత్తగ మాట్లాడుతున్నవ్? సబ్బుకు రాసినం, బీడీకి రాసినం. ఒక్క ఎలక్షన్ల రెండు పార్టీలకు రాసినం, అదీ ఒక్క గోడకు అటొకటి ఇటొకటి. అప్పుడు అమ్ముడుపోలేదా?"

"అక్షరాలు అద్దెకిచ్చేవండి బావగారూ. మాట వాళ్లది, చెయ్యి మనది. బర్రె అలాక్కాదండి. దాన్ని మనల్నెవరూ అడగలేదు. మనకు తోచి వేశాం."

"బూటు మీద ఎక్కితె మాత్రం మనది కాకుంట పోతదా?"

"గోడ మీదుంటే పాలావిడా చూస్తుంది, పెద్దాఫీసరూ చూస్తాడు. బూటెక్కితే కొన్నవాడిది. అదీ పోనివ్వండి. రేపు మన బర్రెని మన గోడమీద వేసుకోవాలంటే ఆ కుర్రాణ్ణడగాలా అండి?"

పాలు పోయడానికొచ్చిన అక్క గిన్నె దించి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆ మొఖం నా బర్రెది. అమ్మెతందుకు మీరెవ్వరు తమ్మీ? దాన్ని ఒక్క మాట అడిగిన్రా?"

"బర్రెను ఏమడుగుతం అక్కా?"

"నన్నడుగున్రి. అది ఏది చెప్పినా నాకే చెప్తది."

అది ఏమందో కూడా చెప్పకుండానే వెళ్లిపోయింది. బావ లేచి చొక్కా దులుపుకున్నాడు. "మీరు సంతకం పెడితే పెట్టండి బావగారూ, కాదనను. కానీ ఆ తర్వాత మీ ముందు నేను సుద్దముక్క పట్టుకోనండి."

మా వైపు తిట్టుకుంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇట్లా అండీ అండీ అంటూ తిడితే రెండురోజులు నిద్ర పట్టదు. పేరు కావాలి నాకు. కానీ గీసేవాడు లేకుండా నేను నింపేది దేన్ని?

ఆయన్ని నేను మూడు ముక్కల్లో ఒప్పించానని తర్వాత అందరికీ చెప్పుకున్నాను. నిజానికి బతిమాలుకున్నాను. జర నా మొఖం చూడు బావా అన్నాను. మొఖం చూసి జాలేసిందేమో, "ఓపెనింగ్ రోజు జతలకు గీస్తానండి. ఆ రోజు చూశాకే కాగితం సంగతి" అన్నాడు.

తెల్లటి కాన్వాసు బూట్లు పెట్టెల్లో వచ్చాయి. బావ వేరే పనిమీద పటాన్‌చెరు పోయాడు. నేను బూటొకటి చేతిలోకి తీసుకుని వేలితో తడిమాను. బట్ట. రంగు పెడితే తాగేస్తుంది, అంచు నిలవదు. రంగు తాగే గోడకి ఏం చేస్తాం? సున్నంలో జిగురు కలిపి, తెలుపు మెరవడానికి కాస్త నీలిమందు వేసి, రెండు పూతలు. అన్ని జతలకూ అదే చేసి ఎండబెట్టాను. సాయంత్రానికి పాలరాతి బూట్లలా తయారయ్యాయి. బావ వచ్చి ఒకదాన్ని వేలితో కొట్టి చూశాడు. టక్‌టక్‌మంది.

"ఏంటండీ, తలుపు కొట్టినట్టుంది?"

"గట్టిగున్నయ్ బావా. పదేండ్లు మన్నుతయ్."

ఆయన సుద్దముక్క తీశాడు. గీశాడు. నేను నింపాను. అంత అందమైన బర్రెలు మా చేతిలోంచి మళ్లీ రాలేదు. ఈ మాటలో ఒక్క అక్షరం పెంచలేదు.

ప్రారంభం రోజు పదివేల మంది వచ్చారు. సరే, హాలు నిండింది. అందులో కూల్‌డ్రింకుల కోసం వచ్చినవాళ్లూ ఉన్నారు. పాట మొదలైంది. ఆఫీసు పిల్లలు కొందరు మా బూట్లు తొడుక్కుని, ఎర్ర తివాచీ దాటి నల్లరాతి గచ్చుమీద ఒయ్యారంగా నడవాలి. ముందున్న పిల్ల మొదటి అడుగు వేసింది. అప్పడం విరిగిన చప్పుడు.

రెండో అడుగుకి బర్రె కొమ్ము ఊడింది. వెనక కుర్రాడి బూటు మడత దగ్గర నిలువునా పగిలి, బర్రె రెండు బర్రెలైంది. పెచ్చులు రాలుతుంటే వాటినే తొక్కుకుంటూ నడిచారు. నల్లటి గచ్చంతా తెల్లటి అడుగులు! పిల్లలకి తమాషా ఎక్కువైంది. కావాలని గెంతారు. "అంకుల్, నా బర్రె తోక పోయింది!" అని ఒకమ్మాయి, "నా దాంట్లో కార్డు ఒక్కటే మిగిలింది!" అని ఇంకొకడు. నేను స్తంభం చాటుకి జరిగాను. బావ నా చెవిలో అడిగాడు.

"బూటు మడత పడుతుందని మీకు తెలీదా అండి?"

"నాకెట్ల తెలుస్తది? పుట్టినకాడికెల్లి చెప్పులే తొడిగిన. నీకు తెల్వదా?"

ఆయన తన కాళ్లవైపు చూసుకున్నాడు. ఆయనవీ చెప్పులే. వెంటనే నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. భుజాలు ఊగుతున్నాయి, నవ్వాపుకోలేక.

మేనేజరు మమ్మల్ని లోపలి గదికి పిలిచాడు. తెల్లటి పెచ్చొకటి ఆయన నల్లకోటు మీద కూర్చుని ఉంది, దానిమీద బర్రె కన్ను. ఆ సున్నం ఎవరు కొట్టారని అడిగాడు. నేను పైన తిరిగే ఫ్యాన్‌ని పరిశీలించాను. చెప్పకుండానే ఆయనకి అర్థమైంది. బావ వైపు తిరిగాడు.

"చూడండి సార్, మాకు మీ లైన్ చాలు. ఫిల్లింగ్ మెషిన్ చేస్తుంది. అంకుల్ అవసరం లేదు. మీ ఒక్కరి పేరే వేస్తాం, మీరొక్కరే సైన్ చేయండి."

అన్ని రోజులూ బర్రెను అమ్ముదాం, అమ్ముదాం అని వాదించింది నేనే కదా. ఆ సరుకులో నేను లేనని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. బావ ఒక్క సంతకం పెడితే రేపటి నుంచి ఆయనకి గోడా అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. నేనైతే పెట్టేవాణ్ణా? ఏమో. ఈ ఒక్కచోట గొప్పలు చెప్పుకోను.

బావ తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. "బర్రె నల్లగా ఉంటుంది కదండీ. ఆ నలుపు ఈయనది. అది తీసేస్తే మిగిలేది వట్టి గీతండి, దాన్ని ఏ జంతువని చెప్పుకుంటారు మీరు?"

"సార్, మీకు అర్థం కావట్లేదు..."

"అక్షరాలు కావాలంటే చెప్పండి. మీ షాపు పక్కగోడ ఖాళీగానే ఉంది, ఇంతింత లావున రాసిపెడతాం. బర్రె మాత్రం అమ్మేది కాదండి."

బయట పిల్లలు ఇంకా గెంతుతున్నారు. వాళ్ల నవ్వులు విని కుర్రాడికి కూడా కోపం నిలవలేదు. కోటుమీది కన్నును గోటితో గిల్లి తీసేసి, పక్కగోడకి అక్షరాలు రాయమన్నాడు. రాశాం. సున్నం కొట్టే రాశాం, గోడ కదా, మడత పడదు.

పని అయ్యాక బావ నేరుగా ఇంటికి పోకుండా రోడ్డు దాటాడు. ఎదురుగా ఇంకా పేల్చని బండ ఒకటి ఉండేది. సుద్దముక్క తీసి బర్రెను గీశాడు. మెడలో కార్డు పెట్టాడు. ఆగి, షోరూము వైపోసారి చూసి, నాలుగు కాళ్లకీ బూట్లు తొడిగాడు. రోడ్డుమీద పోయేవాళ్లు ఆగారు. హోటల్లో మమ్మల్ని తిట్టిన రాతగాడొకడు సైకిల్ దిగి విరగబడి నవ్వాడు.

"ఏందన్నా ఇది? పైసలిస్తమంటె వద్దని, ఇప్పుడు ముఫ్త్‌ల అమ్ముడుపోయిన్రా? ఇగ కంపెనోడు మీ ఇద్దరికి దండలు తెస్తడు!"

బావ మొహం పాలిపోయింది. నిజమే కదా, షోరూము ఎదురుగా ఇంతకన్నా పెద్ద అడ్వర్టైజ్‌మెంటు ఉందా? బావ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. చివరికి ముందుకాలి బూటు లేసు చెరిపి, దాన్ని పైకి లాగి బర్రె నోట్లో పెట్టాడు. దవడ కాస్త పక్కకి జరిపాడు. అంతే, అది లేసుని తీరుబడిగా నెమరేయడం మొదలెట్టింది. సైకిలతని నవ్వు మారిపోయింది. "ఇగ బూటు పనైపోయింది" అని గొణుక్కుంటూ ఎక్కి పోయాడు.

ఆ లేసు ఆలోచన నాదేనని ఇరవయ్యేళ్లుగా చెబుతూ వస్తున్నాను. కాదు. నేను అప్పుడు బకెట్టు పట్టుకుని వెనక నిలబడి ఉన్నాను. బావ పక్కకి జరిగి నాకు చోటిచ్చాడు.

"నింపండి బావగారూ. పొద్దుగూకుతోంది."