శేషగిరి గొంతులో షేర్ మార్కెట్

వార్తలు అందరూ వింటారు. సుందరరామయ్య గారు మాత్రం వార్తలు చదివే మనిషి గొంతు వినేవారు.

ఢిల్లీ రామకృష్ణాపురం ప్రభుత్వ క్వార్టర్లలో కింది వాటా ఆయనది. ఏదో మంత్రిత్వ శాఖలో అసిస్టెంటుగా పనిచేసేవారు. పై వాటాలో శేషగిరి గారు ఉండేవారు. ఉదయం ఏడు గంటలకు ఢిల్లీ నుంచి రేడియోలో తెలుగు వార్తలు చదివేవాళ్ళలో ఆయనొకరు. దేశంలో తెలుగు వినేవాళ్ళందరికీ శేషగిరి ఒక గొంతు మాత్రమే. సుందరరామయ్య గారికైతే ఆ గొంతు లుంగీ కట్టుకుని, పాలసీసాలు పట్టుకుని మెట్ల మీద రోజూ ఎదురయ్యేది. ఇంత దగ్గర్లో ఉన్న సౌకర్యాన్ని వాడుకోకుండా ఉండటం ఆయన వల్ల కాలేదు.

ఎందుకు వాడుకోవాలంటే, ఆయన దగ్గర గుల్‌మొహర్ ఫ్యాన్స్ కంపెనీ షేర్లు వంద ఉన్నాయి. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది ప్రాంతంలో చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు మన జనానికి వాటాలు అమ్మవలసి వచ్చినప్పుడు, మధ్యాహ్నం ఆఫీసు పచ్చిక మీద వేరుశెనక్కాయలు ఒలిచే గుమాస్తాలంతా దరఖాస్తులు పెట్టారు. ఈయనకు వచ్చాయి. ధర ఇంకాస్త పెరగ్గానే అమ్మేసి, వేసవి లోపల ఫ్రిజ్ కొంటానని భార్య అన్నపూర్ణేశ్వరికి మాట ఇచ్చారు.

ఆ మాట ఆవిడకు ప్రాణం. అప్పటికి ఆ ఇంటి ఇడ్లీ పిండి, పెరుగు, పచ్చళ్ళు అన్నీ పై వాటా ఫ్రిజ్‌లోనే కాపురం చేస్తున్నాయి. శేషగిరి గారి భార్య హైమవతి ఎన్నడూ విసుక్కోలేదు. ఎంతో ఆప్యాయంగా, "వదినగారూ, మీ పెరుగు కాస్త పుల్లబడిందండీ, రుచి చూశాను" అనేది. అన్నపూర్ణేశ్వరికి కడుపు మండేది అక్కడే.

"ఎప్పుడండీ అమ్మేది? మన పిండి పొంగిందో లేదో పైవాళ్ళు చెబితే తెలుసుకోవాల్సి వస్తోంది!"

"కంగారు పడకు అన్నపూర్ణా. బడ్జెట్ రానీ. ఫ్యాన్ల మీద పన్ను వెయ్యకపోతే ధర అదే లేస్తుంది."

"వేస్తే?"

"అందరికంటే ముందు నాకే తెలుస్తుందిలే" అని ఆయన కళ్ళు పైకి తిప్పి ఇంటి కప్పు చూపించేవారు.

ఆయన సిద్ధాంతం సులువైనది. పత్రికలో రాసేది ప్రభుత్వం చెప్పింది. రేడియోలో చదివేది ఎవరో రాసిచ్చింది. కానీ గొంతు మాత్రం చదివే మనిషి సొంతం, దాన్ని ఎవరూ రాసివ్వలేరు. లోపల భయం ఉంటే వణుకుతుంది, ధీమా ఉంటే మోగుతుంది. ఇది ఒకసారి రుజువైంది కూడా. ఒక ఉదయం ఉక్కు ఉత్పత్తి గురించి శేషగిరి గారు గంట కొట్టినట్టు చదివారు. సుందరరామయ్య గారు షేర్లు అమ్మకుండా ఆగారు. వారంలో ధర పెరిగింది. ఆ ముందు రోజే కాకినాడ నుంచి శేషగిరి గారికి కాజాల డబ్బా వచ్చిందన్న సంగతి ఆయన లెక్కలోకి రాలేదు.

శేషగిరి గారిని తిన్నగా అడిగి లాభం లేదు.

"రేపు ఏమైనా విశేషం ఉందా శేషగిరి గారూ?"

"ఉంటే ఏడింటికి వింటారు."

"సూచనప్రాయంగా..."

"ఉద్యోగం పోతుందండీ మహానుభావా!"

బడ్జెట్ మర్నాడు శేషగిరి గారిది ఉదయం డ్యూటీ. రేడియో వాళ్ళ కారు తెల్లవారకముందే వస్తుంది. బయలుదేరే ముందు గొంతు కోసం ఒక చెంచాడు అల్లం మురబ్బా మింగడం ఆయన అలవాటు. హైమవతి దాన్ని హార్లిక్స్ సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడుతుంది. ఢిల్లీలో ఏ తెలుగింట్లోనూ హార్లిక్స్ అయిపోయాక సీసా పారేయరు. అన్నపూర్ణేశ్వరి కూడా పారేయలేదు. నిమ్మరసం పిండి నూరిన పచ్చిమిరపకాయల ముద్దను అలాంటి సీసాలోనే నింపి, సరిగ్గా మురబ్బా పక్కన పెట్టి వచ్చింది. ఫ్రిజ్‌లో బల్బు ఎప్పుడో మాడిపోయింది.

నిద్రమత్తులో శేషగిరి గారు ఒక చెంచా నిండా మింగారు.

చెంబెడు నీళ్ళు, గుప్పెడు పంచదార అయ్యాక మంట తగ్గింది. ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. స్టూడియోకి వెళ్ళేసరికి అవీ ఆగాయి. వార్తలు సగం దాకా సాఫీగా నడిచాయి.

కింది వాటాలో సుందరరామయ్య గారు రేడియోకి చెవి ఆనించి కూర్చున్నారు. అన్నపూర్ణేశ్వరి కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడింది.

"విద్యుత్ పంఖాలపై..." అన్నారు శేషగిరి గారు. ఆగారు. గొంతు ఒక్క కుదుపు ఇచ్చి, సన్నగా వణికింది. "...పన్నులో ఎటువంటి మార్పూ లేదు."

"హమ్మయ్య! లేదుట!" అంది అన్నపూర్ణేశ్వరి.

సుందరరామయ్య గారి మొహం పాలిపోయింది. "విన్నావా?"

"విన్నాను. మార్పు లేదన్నారు."

"ఆ మాట కాదే! గొంతు! ఇన్నేళ్ళలో ఆయన అలా ఆగడం ఎప్పుడైనా విన్నావా? ఏదో తెలుసాయనకి. చదవలేక చదివాడు పాపం!"

"మార్పు లేదని అంత స్పష్టంగా చెబుతుంటే..."

"చెప్పమన్నారు కాబట్టి చెప్పాడు."

ఆఫీసుకు సగం పూట సెలవు పెట్టి ఆయన ఆసఫలీ రోడ్డుకు పరుగెత్తారు. అక్కడ ఒక మేడ మెట్ల కింద చిన్న గదిలో దశరథ్ అనే షేర్ల దళారి ఉండేవాడు. ఈయన్ని చూడగానే నవ్వాడు.

"ఆయియే బాబూజీ! ముబారక్ హో. ఫ్యాన్ కంపెనీలన్నీ లేస్తాయి ఇవాళ."

"అమ్మెయ్. వందా అమ్మెయ్."

"అఖ్బార్ చదవలేదా? టాక్స్ పెరగలేదు!"

"పేపర్ ఎవరైనా చదువుతారు భయ్యా. నాకు అందర్ కీ బాత్ తెలుసు, లోపలి సంగతి."

అందర్ కీ బాత్ అన్న మాటకు దశరథ్ గంభీరంగా తల ఊపాడు. కాయితాల మీద సంతకాలు పెట్టించుకున్నాడు. సుందరరామయ్య గారు కాయితాలు ఇచ్చి గది దాటగానే ఆ వంద షేర్లూ తనే కొనుక్కున్నాడు. వ్యాపారంలో అతని సిద్ధాంతం ఇంకా సులువైనది.

సాయంత్రం సుందరరామయ్య గారు గెలిచిన మొహంతో ఇంటికి వచ్చేసరికి హైమవతి గుమ్మంలో హార్లిక్స్ సీసా పట్టుకుని నిలబడి ఉంది. వెనక శేషగిరి గారు మెడకు తువ్వాలు చుట్టుకుని ఉన్నారు.

"మీ కారంముద్ద మా ఆయన్ని చంపేసింది వదినగారూ! వార్తల మధ్యలో ఎక్కిలి వచ్చిందిట. ఫ్యాన్ల దగ్గర. ఎంత బిగబట్టుకున్నారో!"

"అయ్యయ్యో, మా సీసానా!" అంది అన్నపూర్ణేశ్వరి. అనేసి, నెమ్మదిగా మొగుడి వైపు తిరిగింది.

సుందరరామయ్య గారు గోడకు ఆనుకున్నారు. "ఎక్కిలా?"

"మరేమనుకున్నారు?" అన్నారు శేషగిరి గారు బొంగురుగా.

సంగతంతా బయటపడ్డాక హైమవతి నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూర్చుండిపోయింది. "పదిహేనేళ్ళుగా ఆ గొంతు వింటున్నానండీ అన్నయ్యగారూ. ఆకలేస్తే నీరసం, తింటే ధీమా. అంతకు మించి అందులో ఒక్క వార్తా లేదు!"

ఫ్యాన్ల షేరు ఆ నెలంతా తిరుగుతూనే పోయింది, పైపైకి. అమ్మగా వచ్చిన డబ్బు ఫ్రిజ్‌కు చాలలేదు. అన్నపూర్ణేశ్వరి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయన చేతిలో సంచీ పెట్టి, "ముందు ఆ పైవాళ్ళ ఫ్రిజ్‌కి బల్బు కొనుక్కురండి. మన పిండి ఇంకో ఏడాది అక్కడే ఉండాలి కదా" అంది.

బల్బు వచ్చింది. దాన్ని బిగించింది కూడా ఆయనే.

సుందరరామయ్య గారు సిద్ధాంతం వదిలేశారని అందరూ అనుకున్నారు. వదల్లేదు, సవరించారు. మళ్ళీ నాలుగు షేర్లు కొన్నాక, శేషగిరి గారి ఉదయం డ్యూటీ ముందు రోజు మెట్ల దగ్గర కాపు కాసేవారు.

"రేపు పొద్దున్న ఏం తింటారు శేషగిరి గారూ?"

వార్తలు ముందుగా చెప్పకూడదని నిబంధన ఉంది గాని, టిఫిన్ గురించి ఏమీ లేదు. శేషగిరి గారు చాలాసేపు ఆలోచించి, కళ్ళలో చిలిపితనం దాచుకుంటూ చెప్పేవారు.

"ఇంకా తెలియదండీ. మీ ఆవిడ ఏ సీసా ఎక్కడ పెట్టారో చూడాలి."